క్రోము చేతులు

క్రోము మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చి మా అయ్య పనిని తీసుకపోయింది. రెండోసారి నా వేళ్లకు పుండ్లు పెట్టింది. మూడోసారి అమెరికా నుంచి ఒక అట్టపెట్టెల వచ్చింది. పెట్టెల వచ్చింది నిజానికి క్రోమే కాదు. ఆ సంగతి తర్వాత చెప్త.

దళితుడు తన బతుకు రాస్తే ఆకలి రాస్తడు, అవమానం రాస్తడు. రాయాల్సిందే. కాని మెరుపు గురించి కూడ మనమే రాయాలె. ఈ దేశంల మెరిసే వస్తువుల్ని మెరిపించింది మన చేతులే కాబట్టి.

మాది నల్లగొండ జిల్లాల ఒక ఊరు. ఊరి చివర మాదిగ గూడెం, గూడెం వెనక లంద. గొడ్డు చస్తే కబురొచ్చేది. మా అయ్య పోయి తోలు ఒలుచుకొచ్చి సున్నం నీళ్లల్ల నానేసేటోడు. వెంట్రుక వదులయినంక రంపెతోని గీకి, కడిగి, తంగేడు చెక్క నీళ్లల్ల వేసేటోడు. ఆ చెక్కను మా అమ్మ రోట్లె దంచేది. తోలు లోపలిదాక చెక్క రసం దిగాలంటే వారాలు పట్టేది. మధ్యమధ్యల తోలును తిప్పి, పాత నీళ్లు తీసి, కొత్త చెక్క వెయ్యాలె. ఎప్పుడు తియ్యాలో మా అయ్యకు చేత్తోని ముట్టుకుంటేనే తెలిసేది. ఏ పుస్తకంల సదువుకోలేదు.

తంగేడు పువ్వు బతుకమ్మ మీదికి పోయింది. తంగేడు చెక్క మా లందలకొచ్చింది. రెండూ ఒక్క చెట్టువే. పువ్వుకు అంటు లేదు, చెక్కకు ఉంది. 2014ల తెలంగాణ వచ్చినంక తంగేడును రాష్ట్ర పుష్పం చేసిన్రు. సంతోషమే. ఆ చెక్కతోని తోలు పదును చేసినోళ్ల పేరు మాత్రం ఏ జీవోల రాలేదు.

ఆ తోలుతోని మోటకు బొక్కెన, తొండం, కాపోళ్లకు చెప్పులు, గూడేనికి డప్పు. ఊర్లె నీళ్లు పారింది మా తోలుతోని, వాళ్లు నడిచింది మా తోలు మీద. అయినా ఊరిబావి కాడికి మేము పోవద్దు.

క్రోముతోని తోలు పదును చెయ్యొచ్చని 1858లనే యూరప్ వాళ్లు కనిపెట్టిన్రు. 1884ల అమెరికాల దానికి పేటెంటు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లనే అది మద్రాసుకొచ్చింది. క్రోము లవణం నీళ్లల్ల వేసి పీపాల తిప్పితే, తంగేడుతోని వారాలు పట్టే పని ఒక్క రోజుకు అటుఇటుగ అయిపోతది. తోలు లేత నీలం రంగుకొస్తది. మెత్తగుంటది, వేడికి ఓర్చుకుంటది. 1948ల మద్రాసుల కేంద్ర తోలు పరిశోధనా సంస్థ పెట్టిన్రు. సదువుకున్నోళ్లు తోలు సైంటిస్టులైన్రు. ముట్టుకుంటే మైలపడే తోలు, డాలర్లు తెచ్చే సరుకైనంక ఎవరికీ అంటు కాలేదు. కరెంటు మోటర్లొచ్చి మోట పోయింది. రబ్బరు చెప్పులు, కంపెనీ చెప్పులు వచ్చి మా అయ్య చెప్పులు పోయినయి. ఒకసారి పట్నంల తోలు దుకాణం కాడ నీలం తోలు చూసి, "ఇదేం తోలురా, విషమెక్కినట్టున్నది" అన్నడు మా అయ్య. తమిళనాడు రాణిపేటల తోళ్లకు క్రోము లవణాలు చేసిన ఒక ఫ్యాక్టరీ 1990లల్ల మూతపడి, లక్ష టన్నులకు మించిన క్రోమియం చెత్తను నేల మీద వదిలిపోయింది. ఆ సంగతి చదివినప్పుడు మా అయ్య మాట యాదికొచ్చింది. అప్పటికి ఆయన లేడు.

1987ల ఇంటరు పాసై పట్నమొచ్చిన. మా అన్న లారీ మీద క్లీనరు. ఆయనకు తెలిసిన మనిషి బాలానగర్ దిక్కు ఒక ఎలక్ట్రోప్లేటింగ్ షాపుల నన్ను పనికి పెట్టిచ్చిండు. సేటు ముందుగాల ఊరడిగిండు. తర్వాత ఇంటిపేరడిగిండు. తర్వాత, "మీ నాయిన ఏం పని చేస్తడు?" అన్నడు. తోలు పని అన్న.

"అయితే వాసనకు ఓర్చుకుంటవు తియ్యి. క్రోము ట్యాంకు కాడ నిలబడు" అన్నడు.

నా సర్టిఫికెట్లు ఆయన చూడలేదు. మా అయ్య పనే నా అర్హత అయింది.

అంబాసిడర్ బంపర్లు, సైకిల్ హ్యాండిళ్లు, మోటార్ సైకిల్ సైలెన్సర్లు వచ్చేటివి. ముందు బఫింగ్. గుడ్డ చక్రం మీద ఇనుమును అద్దం లెక్క రుద్దాలె. అక్కడ పనిచేసేటోళ్లకు కండ్లు, పండ్లు తప్ప ఒళ్లంత నలుపే. తర్వాత వేడి కాస్టిక్ నీళ్లల్ల జిడ్డు తియ్యాలె, యాసిడ్ల ముంచాలె. రాగి పూత, దాని మీద నికెల్ పూత, అన్నిటికన్న పైన క్రోము. మీరు చూసే తెల్లటి తళతళ ఎక్కువ నికెల్‌ది. క్రోము పూత వెంట్రుక మందంల నూరో వంతు కూడ ఉండదు. నికెల్ మసకబారకుండ కాపాడుతది, నీలి ఛాయ ఇస్తది, అంతే. పైనుండి పేరు మాత్రం దానిదే. పైన ఉన్నోడి పేరే వస్తువుకు రావడం మనకు కొత్త గాదు.

క్రోము ట్యాంకుల నీళ్లు ఎర్రటి నారింజ రంగుల ఉంటయి. క్రోమిక్ యాసిడ్, దానిల నూరో వంతు గంధకామ్లం. కరెంటు పెడితే అందుల ఎక్కువ భాగం పూతకు పోదు, హైడ్రోజన్ బుడగలకు పోతది. ఆ బుడగలు పైకొచ్చి పగులుతయి. పగిలినప్పుడు యాసిడ్‌ను సన్నటి తుంపర చేసి గాలిల కలుపుతయి. ట్యాంకు అంచు కాడ తుంపరను గుంజే ఫ్యాను ఉండాలె. మాకు ఫ్యానుండె. నేను పనిచేసిన ఆరేండ్లల్ల అది తిరగంగ చూసింది తక్కువ.

ఫస్టు వేళ్ల సందుల్ల పుండు లేస్తది. గుండ్రంగ, అంచులు గట్టిగ, నడుమ గుంత. పెద్దగ నొప్పుండదు, అదే దాని మోసం. నొప్పి లేదు గదా అని పనిచేస్తనే ఉంటం, అది లోపలికి తింటనే ఉంటది. తర్వాత ముక్కు. పొద్దుగాల లేస్తే నెత్తురు గడ్డలు. తర్వాత నెత్తురు ఆగుతది, నయమైందనుకుంటం. నయం కాలేదు, ముక్కు నడిమి గోడకు బొక్క పడింది. మాతోని పాలమూరు దిక్కు అన్న ఒకాయన పనిచేసేటోడు, నాకన్న పదేండ్లు పెద్ద. ఊపిరి తీస్తే ఆయన ముక్కుల సన్నగ ఈల వినపడేది. మేము నవ్వేటోళ్లం, ఆయన కూడ నవ్వేటోడు. నిద్రల ఈల ఆగకపోతే ఆయన భార్య లేచి కూసునేదట.

నీళ్ల కుండ కాడ మా గ్లాసు వేరే. "క్రోము చేతులు గదా, విషం అంటుతది" అనేటోడు సేటు. ఇన్నోళ్లకు నిజమే అనిపిస్తది. సబ్బుతోని కడుక్కున్నంక కూడ మా గ్లాసు వేరేనే. నికెల్ ట్యాంకు కాడ పనిచేసే పైకులం పిలగాడు సేటు గ్లాసులనే తాగేటోడు. నికెల్ విషం కాదా? నేను తర్వాత పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పిన. ఏ ఆవర్తన పట్టికల గూడ కులాన్ని బట్టి విషం మారే మూలకం కనపడలేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలుల, యజమాని సర్కారుకు తెలుపాల్సిన రోగాల పట్టీ రాసిన్రు. క్రోము పుండు అందుల ఉంది. తోళ్ల పని చేసేటోళ్లకొచ్చే ఆంత్రాక్స్ కూడ అదే పట్టీల ఉంది. మా అయ్య రోగం, నా రోగం ఒక్క కాయితం మీద చూసుకున్న. కాని అప్పట్ల ఆ చట్టం లెక్కన కరెంటుతోని నడిచే షాపుల 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. మేము 16 మందిమి. రిజిస్టర్ల 9 పేర్లు. ఆ 9 మందిల ట్యాంకు కాడ నిలబడేటోడు ఒక్కడు లేడు. పుండు మాది, పేరు లేదు. పేరు లేనోడికి రోగం కూడ లేదు. 1990ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం ఈ రకం క్రోమియం మనుషులకు క్యాన్సర్ తెస్తదని తేల్చింది. ఆ సంవత్సరమంతా నేను ఆ ట్యాంకు కాడనే ఉన్న. మాకెవరూ చెప్పలేదు. కడిగిన నీళ్లు మోరీలకు పోయేటివి. ఆ దిక్కు ఫ్యాక్టరీల నీళ్లు కూకట్‌పల్లి నాలా పట్టుకొని హుస్సేన్‌సాగర్ల కలిసేటివి. సాగరుల బుద్ధుణ్ణి నిలబెట్టినప్పుడు మేము పోయి చూసినం. ఆయన కాళ్ల కింద మా ట్యాంకు నీళ్లు.

రాత్రిపూట చదువుకున్న. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంల డిగ్రీ, తర్వాత బీఎడ్. 1998 డీఎస్సీల సర్కారు బడిల టీచరునైన. పుండ్లు మానినయి. మచ్చలు ఉన్నయి, నాణెం అద్దినట్టు.

2019ల నా బిడ్డ అమెరికా నుంచి వచ్చుకుంట ఒక పెట్టె తెచ్చింది. పీటర్‌బిల్ట్ 359 అనే లారీ బొమ్మ. అతికించి చేసుకునే ప్లాస్టిక్ ముక్కలు. 1/25 కొలత, అంటే అసలు లారీ 25 అడుగులుంటే ఇది ఒక్క అడుగు. "నాన్నా, చిన్నప్పుడు లారీలు చేసేటోన్నని చెప్పినవ్ గదా" అన్నది. చేసేటోణ్ణే. జొన్న బెండుతోని చట్రం, అరిగిన హవాయి చెప్పు కోసి చక్రాలు, మా అయ్య పారేసిన తోలు ముక్కతోని టాపు. అప్పుడు దాన్ని ఎవరూ కళ అనలేదు, మాదిగ పిలగాని ఆట అన్నరు. ఇప్పుడు అదే పనికి అట్టపెట్టె, బొమ్మల పుస్తకం, డాలర్లల్ల ధర.

పెట్టె విప్పితే ఒక చట్రం నిండ తళతళలాడే ముక్కలు. బంపరు, పొగగొట్టాలు, గ్రిల్లు, అద్దాలు, హారన్లు. నా కండ్లు ఆడనే ఆగినయి. కత్తితోని ఒక మూల గీకిన. కింద ప్లాస్టిక్. రాగి లేదు, నికెల్ లేదు, క్రోము అసలే లేదు. ప్లాస్టిక్ మీద ముందు వార్నిష్ కొట్టి, గాలి తీసేసిన గదిల అల్యూమినియం తీగను ఆవిరి చేస్తే, ఆ ఆవిరి ముక్కల మీద పొరలెక్క పడుతది. పేరు క్రోము, సరుకు అల్యూమినియం. ఇది చెయ్యడానికి ఎవరి ముక్కుకూ బొక్క పడే పని లేదు. నాకు కోపం రాలేదు. ప్రాణం తెరిపిన పడ్డది.

పని మొదలుపెట్టినంక తెలిసింది, మెరుపుతోని పని మామూలు పని గాదని. ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తది. మెరుపు మీద పెడితే అది అతకదు, పొర మాత్రం లేచి వస్తది. అతికే కాడ మెరుపు గీకాల్సిందే. రంపె పట్టిన ఇంటోణ్ణి, గీకుడు నాకెవరూ నేర్పనక్కర లేదు. వేలు తగిలితే ముద్ర పడుతది. కాబట్టి ముక్కను చట్రం నుంచి తొందరపడి విరవద్దు, చట్రంతోనే పట్టుకోవాలె, నూలు తొడుగులు వేసుకోవాలె. క్షణంల అతికే జిగురు వాడితే దాని ఆవిరికి చుట్టుపక్కల తెల్లగ మసక పడుతది. దీపాల అద్దాలకు తెల్ల ఫెవికాలే మేలు, ఎండినంక కనపడదు. చట్రం నుంచి కోసిన కాడ తెల్ల మచ్చ మిగులుతది. అక్కడ క్రోము రంగు పెన్నుతోని అద్దాలె. లేదా ఆ మచ్చ కనపడని దిక్కు పెట్టుకోవాలె.

ఇంకో కష్టం అచ్చు గీత. రెండు అచ్చులు కలిసిన కాడ ముక్క పొడుగునా సన్నటి గీత లేస్తది. మెరుపు ఉంటే అది ఇంకా బాగ కనపడుతది. దాన్ని సాపు చెయ్యాలంటే మెరుపు మొత్తం తియ్యాలె. బట్టలకు వాడే బ్లీచు నీళ్లల్ల ముక్కలు వేసిన. అల్యూమినియం కరిగిపోతది. కొన్ని నిమిషాలల్ల మొదలై, కొన్ని ముక్కలకు గంటలు పడుతది. కాస్టిక్ సోడా కూడ తీస్తది గని చేతులకు ప్రమాదం, తొడుగులు తప్పనిసరి. ఒక్క మాట గట్టిగ చెప్త: బ్లీచును యాసిడ్‌తోని కలుపద్దు, క్లోరిన్ వాయువు వస్తది. బొమ్మలు చేసేటోళ్లకు ఇది పుస్తకాలల్ల రాసి చెప్తరు. పాయఖానాలు కడిగే మన ఆడోళ్లకు రెండు డబ్బాలు చేతికిచ్చి ఒక్క మాట చెప్పరు.

మెరుపు పోయినంక కింద వార్నిష్ మిగులుతది, అది వేరే ద్రావకంతోని పోతది. కడిగి ఆరబెట్టి, గీత సాపు చేసి, మల్ల మెరుపు కావాలంటే ముందు నల్ల రంగు అద్దం లెక్క వెయ్యాలె. ఆ నలుపు మీద పలచగ క్రోము రంగు కొడితేనే మెరుస్తది. నలుపు ఎంత నున్నగుంటే మెరుపు అంత. ఇది నేను కల్పించింది గాదు, ఆ రంగు డబ్బాలతోనొచ్చే సూచన.

తర్వాతిది వాడిన గుర్తులు పెట్టుడు. కొత్త లారీని నాలుగేండ్లు తిరిగినట్టు చెయ్యాలె. దీనికి బయటి దేశాలల్ల సీసాలల్ల మట్టి అమ్ముతరు, తుప్పు అమ్ముతరు. ఒక్కో మట్టి మీద ఒక్కో దేశం పేరు. నా భార్య ఇని, "మట్టి గూడ కొంటరా?" అన్నది. ఆమె పుట్టినప్పటినుంచి ఒంటి మీది మట్టి కడుక్కుంటనే ఉంది, ఇప్పటికీ కొందరికి అది కనపడుతనే ఉంది. ఒకరికి మురికి కులం, ఇంకొకరికి కళ. నేను మట్టి కొనలేదు. మా ఊరి చెలక మట్టి తెచ్చి, ఎండబెట్టి, మా అమ్మ పాత చీర కొంగుల జల్లించిన.

అయితే మురికి కూడ అబద్ధం చెప్పద్దు. చాలమంది మెరుపు ముక్కల మీద కనపడ్డకాడల్లా ఎర్ర తుప్పు రాస్తరు. క్రోముకు ఎర్ర తుప్పు రాదు. పూతల సన్నటి బొక్కలుంటే, రాయి తగిలి పగిలితే, తడి కిందికి దిగి ఇనుముకు తుప్పొస్తది. అది సూదిమొన లెక్క చుక్కలు చుక్కలుగ బయటపడుతది. ఈ లారీ డీజిల్ ట్యాంకులు అసలు బండికి అల్యూమినియంవి, వాటికి ఎర్ర తుప్పే ఉండదు. మసకబారుతయి, తెల్లటి బూజు లెక్క వస్తది. పొగగొట్టం మొన కాడ మసి. ఇంజను దగ్గర వేడికి గోధుమ, నీలం రంగులు. మెరుపు మొత్తం మీద మసక వార్నిష్ పలచగ కొట్టి, నూనె రంగుల నల్లటి గోధుమను నీళ్లలెక్క పలచన చేసి సందులల్ల పారిచ్చిన. అన్నీ మసకబారినంక రెండు కాడలు మాత్రం తళతళ ఉంచిన. తలుపు పిడి, ఎక్కే మెట్టు. రోజూ చెయ్యి తగిలే కాడ, కాలు తగిలే కాడ ఇనుము మసకబారదు. మా అన్న ఇరవై ఏండ్లు లారీ మీద తిరిగిండు. ఆయన ఫోటో ఒక్కటి లేదు. ఆయన పట్టుకున్న పిడి ఎట్లుంటదో నాకు తెలుసు.

పోయిన ఏడు పాలమూరు అన్న మా ఇంటికొచ్చిండు. డెబ్బై దగ్గర పడ్డది. వాసన తెలియక చాలా ఏండ్లయింది. ముక్కుల ఈల మాత్రం అట్లనే ఉంది. లారీని చేతిలకు తీసుకొని అటుఇటు తిప్పిండు. బంపరు మీద చుక్కలు చూసి, "ఇది పూత చెడగొట్టిన పని. ఇట్ల పంపితే సేటు జీతం కోస్తుండె" అన్నడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

"బండికి తుప్పు మంచిగ పెట్టినవ్ తమ్మీ. పూత పెట్టినోడి పుండు యాడ పెట్టినవ్?" అన్నడు.

అది బొమ్మ మీద పెట్టేది గాదు. అందుకే ఇది రాస్తున్న.

యూరప్‌ల 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండ క్రోమియం ట్రయాక్సైడ్ వాడరాదని నియమం పెట్టిన్రు. విషం తక్కువున్న త్రిసంయోజక క్రోము ట్యాంకులు ఉన్నయి. తెలివి లేక గాదు, దారి లేక గాదు. మన చేతులు చౌక కాబట్టి.

మా బడిల పిల్లలకు విద్యుత్ విశ్లేషణ పాఠం చెప్పేటప్పుడు నా చేతులు చూపిస్త. మీరు విద్యార్థులు, కార్యకర్తలు. పట్నంల ఏ ప్లేటింగ్ షాపుకన్నా పోండ్రి. నల్లా మెరుస్తుందా, బంపరు మెరుస్తుందా అని చూడకండ్రి. ట్యాంకు కాడ నిలబడ్డోణ్ణి చెయ్యి చూపించమనుండ్రి. ఫ్యాను తిరుగుతుందా చూడండ్రి. మనుషుల్ని లెక్కపెట్టుండ్రి. తర్వాత సేటు దగ్గరికి పోయి రిజిస్టరు అడుగుండ్రి.